చిల్లుల కుండలో నీలిమంట

1919 మే నెలలో అమెరికా నౌకాదళం వారి ఎన్‌సీ-4 అనే నీటివిమానం న్యూఫౌండ్‌లాండ్‌లో లేచి, అజోర్స్ దీవుల మీదుగా లిస్బన్‌లో దిగింది. అట్లాంటిక్‌ను దాటిన మొదటి విమానం అదే. అందులో ఇంజన్ల బాధ్యత చూసిన ఇద్దరిలో ఒకరు జేమ్స్ బ్రీజ్. తరువాత ఆయన న్యూమెక్సికోలోని శాంటా ఫే చేరి, విమానాలు వదిలేసి నూనె పొయ్యిల మీద పడ్డాడు. చిల్లుల కుండ బర్నర్‌కు ఆయన దిద్దిన మెరుగులు ఎన్నో పేటెంట్లకెక్కాయి.

ఆ కోవ బర్నరే ఇవాళ చలిసముద్రాల్లో చేపల పడవలనూ చిన్న తెరచాప పడవలనూ వెచ్చబెడుతోంది. ఇలాంటి పొయ్యిలు చేసే డికిన్సన్ కంపెనీ కెనడాలో 1932 నుంచీ ఉంది. డెన్మార్క్ జాలరులకు రెఫ్లెక్స్ పొయ్యి పేరు పరిచయం.

పంపు స్టవ్వు వెలిగించిన చేయి ఇక్కడా పంపు కోసం తడుముకుంటుంది. పంపూ లేదు, వత్తీ లేదు. ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి డీజిల్ తనంతట తానే దిగి రెగ్యులేటర్‌లోకి వస్తుంది. అందులో ఒక తేలుడు బుడ్డి, ఒక సూది వాల్వు. అవి వదిలినంత నూనే కుండ అడుక్కి చేరుతుంది. కాలేది ద్రవం కాదు, ఆవిరి. కాగిన ఇనుము మీద పడ్డ డీజిల్ ఆవిరై పైకి లేస్తుంటే, కుండ గోడల్లో వరసలుగా ఉన్న చిల్లుల గుండా గాలి వచ్చి కలుస్తుంది. కలయిక సరిగా కుదిరితే మంట నీలంగా, పసుపు కొసలతో నిలుస్తుంది.

ఆ గాలిని లాగేది పొగగొట్టం. పేచీ అంతా అక్కడే. ఇంటి చిమ్నీకి ఎత్తుంటుంది. చాలా పడవల్లో గొట్టం మనిషెత్తు కూడా ఉండదు. తెరచాప మీంచి జారిన గాలి గొట్టంలోకి దిగితే పొగ క్యాబిన్‌లోకి తిరిగొస్తుంది. తలుపులన్నీ బిగించి వంటింటి ఫ్యాను వేసినా అంతే. గాలి చాలని మంట పసుపురంగుకు తిరిగి బద్ధకంగా ఊగుతుంది, మసి కక్కుతుంది. మసి పట్టిన గొట్టం ఇరుకై లాగుడు తగ్గుతుంది, దాంతో మసి ఇంకా పెరుగుతుంది. కొత్త యజమాని ఈ దశలో డీజిల్‌ను తిట్టుకుని రెగ్యులేటర్ విప్పుతాడు. ముందు విప్పాల్సింది గొట్టం. బ్రష్షుతో తోమి, టోపీ మార్చి, వీలైతే ఒక ముక్క కలిపి ఎత్తు పెంచితే, నా లెక్కలో సగం జబ్బులు అక్కడే నయమవుతాయి.

మంట సన్నగిల్లి ఆరిపోతుంటే మాత్రం నూనె దారి చూడాలి. కుండలోకి నూనె వచ్చే చిన్న నోట్లో బొగ్గు గట్టిగా పేరుకుంటుంది. కొన్ని పొయ్యిలకు దాన్ని పొడిచే కడ్డీ అమర్చే ఉంటుంది. రెగ్యులేటర్ జల్లెడలో మడ్డి, అడుగున నీళ్లు కూడా మామూలే. ఒక్కోసారి అసలు లోపమే ఉండదు: చలికి డీజిల్ చిక్కబడుతుంది, నాబ్ అదే అంకె మీద ఉన్నా తక్కువ దిగుతుంది. పడవ ఒక పక్కకు ఒరిగితే తేలుడు బుడ్డి లెక్కా తప్పుతుంది.

ఇంత తంటా పడి దీన్నే ఎందుకు ఉంచుకుంటారంటే, పొడి వెచ్చదనం కోసం. లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. గొట్టం లేని కిరోసిన్ హీటరైతే అలా పుట్టిన నీటిని క్యాబిన్ గోడలకే పూస్తుంది. ఇది బయటికి పంపేస్తుంది.

ఆరిన పొయ్యిని వేడి మీదే మళ్లీ వెలిగించబోకండి. అడుగున చేరిన డీజిల్ ఆవిరి ఒక్కసారిగా అంటుకుంటుంది. చల్లారనిచ్చి, నూనె తుడిచి, అప్పుడు నిప్పు పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు గనుక, పడుకునే చోట దాని అలారం పెట్టుకోండి, బ్యాటరీ పనిచేస్తోందో లేదో చూసుకోండి.