స్తంభం ఎక్కే చేతులకు గాజులు అడ్డమా?

ఊళ్ళో కరెంటు పోతే అందరికీ ముందుగా గుర్తొచ్చేది లైన్‌మన్. పొట్టకొచ్చిన వరి ఎండుతున్న రైతు, ఖాళీ బిందెతో కుళాయి దగ్గర నిలబడ్డ ఇల్లాలు, పరీక్షకు చదువుకునే పిల్లవాడు, అందరూ అతని రాక కోసం ఎదురుచూస్తారు. పేరులోనే ‘మన్’ ఉంది కనుక అది మగవాళ్ళ పనేనని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాం.

ఆ మాట నిజం కాదని సిద్దిపేట జిల్లా పల్లెటూరి యువతి ఒకరు నిరూపించారు. 2019లో తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు ప్రకటన వెలువడినప్పుడు ఆడవాళ్ళకు అవకాశం ఇవ్వలేదు. కొందరు యువతులు హైకోర్టు తలుపు తట్టారు. కోర్టు అనుమతితో పరీక్ష రాసి, అందరి ఎదుటా స్తంభం ఎక్కి చూపించారు. వారిలో ఒకరైన ఈ యువతికి 2022 మే నెలలో నియామక పత్రం అందింది.

బలం కాదు, జాగ్రత్త ముఖ్యం

లైను పని చూసినవారికి ఒక సంగతి తెలుసు. ఆ పనిలో ప్రాణం కాపాడేది కండబలం కాదు, పద్ధతి. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోవాలి. ఏబీ స్విచ్ తెరవాలి. తీగలో కరెంటు లేదని టెస్టరుతో చూసుకోవాలి. డిశ్చార్జి రాడ్ తగిలించి ఎర్తు చేయాలి. చేతికి గ్లౌజులు, నడుముకు బెల్టు ఉండాలి. వీటిలో ఒక్కటి మరిచినా ఎంతటి బలవంతుడికైనా ముప్పు తప్పదు. ఫీజు తామే వేసుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారి కథలు పల్లెల్లో కొత్తవి కావు. ఓపిగ్గా, వరుస తప్పకుండా పనిచేసే మనిషి ఇక్కడ కావాలి. ఆ మనిషి ఆడా మగా అని తీగ అడగదు.

మన ఇంటి ఆడపడుచే మొదటి మెట్టు

ఈ దారి వేసిన తొలి మహిళల్లో ఒకరు తెలుగింటి బిడ్డ కావడం మనకు గర్వకారణం. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టారు. 15 ఏళ్ళకే పెళ్ళయింది. 18 ఏళ్ళకే భర్త పోయారు. ఒడిలో నాలుగు నెలల పసిపాప. ఆనాడు విధవరాలికి సంఘం పెట్టే కట్టుబాట్లు మన పెద్దవాళ్ళకు తెలియనివి కావు. ఆమె మాత్రం చదువుకోవాలని నిశ్చయించుకున్నారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ బోధించేవారు. కూతురికి అక్కడే సీటు కోసం పైవారిని ఒప్పించారు. అంతమంది మగపిల్లల మధ్య ఒక్క ఆడపిల్ల! తరువాత లీలమ్మ జార్జి, త్రెస్యా అనే ఇద్దరు కేరళ యువతులు సివిల్ విభాగంలో చేరడంతో తోడు దొరికింది.

1943లో చదువు పూర్తయింది. పట్టాలు ముందే మగవారి కోసం అచ్చు వేసి ఉన్నందున, ‘అతడు’ అన్న చోట కొట్టివేసి ‘ఆమె’ అని చేత్తో రాయవలసి వచ్చిందట!

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందారు. సిమ్లాలో కొంతకాలం పనిచేసి, 1948లో కలకత్తాలోని ఒక విద్యుత్ పరికరాల సంస్థలో చేరారు. కరెంటు లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు తయారు చేశారు. భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్ యంత్రాల పనిలోనూ ఆమె చేయి ఉంది. తోబుట్టువుల అండతో బిడ్డను పెంచారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ మహాసభకు హాజరయ్యారు. 1979లో కన్నుమూశారు. ఆమెతో చదివిన త్రెస్యా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు కావడం గమనార్హం.

తల్లిదండ్రులు తెలుసుకోవలసింది

పదో తరగతి కాగానే పిల్ల చదువు మాన్పించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పదో తరగతి చాలు, ఐటీఐలో రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ కోర్సు చేయవచ్చు. పాలీసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చదవవచ్చు. ఆ తరువాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. సాంకేతిక కోర్సుల్లో చేరే బాలికలకు ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించనివారికి ఏటా 50 వేల రూపాయల చొప్పున ఇచ్చే పథకమిది. దరఖాస్తుకు ముందు ఆ ఏటి నిబంధనలు కళాశాలలో అడిగి తెలుసుకోవడం మంచిది.

కొలువులు విద్యుత్ శాఖలోనే కావు. పెద్ద ఆసుపత్రులు, హోటళ్ళు, కార్యాలయ భవనాల్లో నీళ్ళ మోటార్లు, లిఫ్టులు, జనరేటర్లు, నిప్పు ఆర్పే సాధనాలు రాత్రింబవళ్ళు చూసుకునే విభాగం ఒకటి ఉంటుంది. దానినే ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ అంటారు. ఆసుపత్రిలో కరెంటు పోయిన క్షణంలో జనరేటరు అందుకోకపోతే రోగి ఊపిరికే ప్రమాదం. అంతటి బాధ్యత గల పని అది. ఇంట్లో నూనె, నీళ్ళు, గ్యాసు అయిపోకముందే కనిపెట్టే ఆడవాళ్ళకు ఆ ముందుచూపు కొత్తగా నేర్పాలా?

అయితే చదువు ఒక్కటే చాలదు. రాత్రి డ్యూటీకి వాహనం, పనిచేసే చోట మరుగుదొడ్డి, ఒంటికి సరిపోయే బెల్టు, గ్లౌజులు కూడా అధికారులు, యజమానులు సమకూర్చాలి. అవి లేకుండా ఉద్యోగం ఇచ్చామంటే సరిపోదు.

80 ఏళ్ళ క్రితం పసిబిడ్డ తల్లి ఒకరు గిండీ గడప దాటారు. మన ఊరి పిల్ల పక్క పట్నంలోని పాలిటెక్నిక్ గడప దాటడానికి బస్సు టిక్కెట్టు, నాన్న ఒప్పుకోలు చాలు. ఈసారి ఫలితాలు వచ్చిన రోజున పెళ్ళి సంబంధం మాట పక్కనబెట్టి, దరఖాస్తు ఫారం మాట ముందుగా ఎత్తుదాం.