స్థలం అమ్మకుండా పెళ్ళి చేశాం!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మా ఇల్లు మామగారు కట్టిందే కనక మొదటి కష్టం నాకు తెలీదు. రెండోది మాత్రం 2024 శ్రావణంలో మా అమ్మాయి పెళ్ళప్పుడు బాగా తెలిసొచ్చింది. మాది రాజమండ్రి. పెళ్ళీడు పిల్లలున్న తల్లులకి ఉపయోగపడుతుందేమోనని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

సంబంధం ఖాయమైన రాత్రే మావారూ, మా అన్నయ్యా కూచుని కాగితం మీద లెక్క వేశారు. పదకొండు వందల మందికి భోజనాలు, ఏసీ కల్యాణ మండపం, బ్యాండు, వీడియో... మొత్తం పంతొమ్మిది లక్షలు తేలింది. మా దగ్గరున్నది చీటీ డబ్బులూ, బ్యాంకులో వేసుకున్నవీ కలిపి పన్నెండు లక్షలు. "ఊరి బయట స్థలం ఉందిగా, అమ్మేద్దాం. ఒక్కగానొక్క ఆడపిల్ల" అన్నారు మావారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా పెళ్ళి 1999లో అయింది. ఊరంతా గొప్పగా చెప్పుకున్నారు. ఆ అప్పు మా నాన్నగారు ఏడేళ్ళు తీర్చారు. రెండో ఏడు ఫీజు కట్టలేక మా చెల్లెలు డిగ్రీ మానేసింది. అది నన్ను ఒక్క మాటైనా అనలేదు గాని, దాన్ని చూసినప్పుడల్లా నా పెళ్ళి భోజనాలే నాకు గుర్తొస్తాయి. ఆ స్థలం మా అబ్బాయి ఇంజనీరింగు చదువు కోసం అట్టేపెట్టింది. "ఏవండీ, అక్క పెళ్ళికి తమ్ముడి చదువు ఖర్చు పెట్టద్దండీ. పన్నెండు లక్షల్లోనే చేద్దాం" అన్నాను. మావారు రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు వంద పేజీల నోటు పుస్తకం తెచ్చి "అయితే నువ్వే చెయ్యి" అని నా చేతిలో పెట్టారు.

చిన్నతనం నించీ ఇంటి పద్దులు రాసే అలవాటు ఉంది కనక సరేనన్నాను.

మనుషుల లెక్క

ఖర్చు తగ్గించాలంటే ఎవరైనా ముందు పువ్వుల దగ్గరా, శుభలేఖల దగ్గరా మొదలెడతారు. నేనూ అంతే. ఎంత కొట్టేసినా పాతికవేలు మిగల్లేదు. అప్పుడు తట్టింది, అసలు ఖర్చంతా మనుషుల లెక్కలో ఉందని. మా వంటల కాంట్రాక్టరు రాత్రి భోజనం మనిషికి 380 చెప్పాడు. నీళ్ళ సీసా 10, తాంబూలం సంచీ 60. అంటే మనిషికి 450 రూపాయలు. వందమంది తగ్గితే నలభై అయిదు వేలు! పదకొండు వందల్ని ఏడొందలు చేస్తే లక్షా ఎనభై వేలు మిగులుతుంది, చిన్న మండపం సరిపోతుంది.

మరి ఎవర్ని మానేస్తాం? ఇళ్ళల్లో గొడవలొచ్చేది ఇక్కడే. మా అత్తగారు ఒక పేరు చెప్తే మావారు పది చెప్పేవారు. నేను బీరువాలోంచి పాత చదివింపుల పుస్తకాలు తీశాను. అమ్మాయి ఓణీల ఫంక్షనుదొకటి, మా మరిది గృహప్రవేశానిదొకటి. పదేళ్ళలో వాళ్ళు మనింటికి గాని, మనం వాళ్ళింటికి గాని శుభకార్యానికి వెళ్ళామా అన్నదొక్కటే ప్రశ్న. వెళ్ళలేదంటే పేరు కొట్టేశాం. మావారి ఆఫీసు నోటీసు బోర్డు మీద శుభలేఖ అంటించడం మానేసి, పిలవదల్చుకున్న వాళ్ళకి చేతికిచ్చి పిలిచాం. అది ఒక్కటే డెబ్భైమందిని తగ్గించింది.

మగపెళ్ళివారి సంగతి ఇంకోరకం. వియ్యపురాలికి ఫోన్ చేసి "వదినగారూ, మీవైపు ఎంతమంది వస్తారండీ?" అంటే "ఓ రెండొందలమందండీ" అన్నారు. "బస్సులెన్ని మాట్లాడుతున్నారు?" అనడిగాను. "నాలుగు బస్సులండీ, కార్లు ఎలాగూ ఉంటాయి" అన్నారు. నా పుస్తకంలో రెండొందల ఎనభై రాసుకున్నాను. దాదాపు అంతమందే వచ్చారు. మనుషుల్ని అడగద్దు, బస్సుల్ని అడగండి!

కట్నం ఇచ్చినా, పుచ్చుకున్నా 1961 చట్టం ప్రకారం నేరమే. వాళ్ళూ అడగలేదు. కాని లాంఛనాలని ఒకటుంటుందిగా. ఆడపడుచులకేమిటి, పెద్దవాళ్ళకి బట్టలెన్ని జతలు, సారె ఎన్ని బిందెలు? మగవాళ్ళు ఇవి మాట్లాడుకోరు, తీరా పెళ్ళిలో అలకలొస్తాయి. నేనే వదినగారితో మాట్లాడి నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆవిడ కూడా ఆడపిల్లని అత్తారింటికి పంపినావిడే, ఏమీ అనుకోలేదు. తాపేశ్వరం కాజాలూ, ఆత్రేయపురం పూతరేకులూ, చలిమిడీ చాలన్నారు. కాకినాడలో రిసెప్షను వాళ్ళే చేసుకుంటామన్నారు. చీరలు తాడితోట హోల్‌సేలు షాపుల్లో ఒకేసారి తీసుకున్నాం.

ముహూర్తం, మండపం

2024లో ఏప్రిల్ ఆఖర్నించి మూఢం, అది వెళ్ళేసరికి ఆషాఢం. పెళ్ళిళ్ళన్నీ శ్రావణంలో వచ్చి పడ్డాయి. పంతులుగారు మూడు ముహూర్తాలు పెడితే శని, ఆదివారాలు వదిలేసి గురువారం ఎంచుకున్నాం. మండపం లక్షా అరవై వేలన్నది లక్షా ఇరవైకి వచ్చింది. అడ్వాన్సు ఇవ్వకముందే అన్నీ అడగాలమ్మా! జనరేటరు డీజిలు ఎవరిది? క్లీనింగుకి వేరే ఇవ్వాలా? ఎన్ని గంటలకి ఖాళీ చెయ్యాలి? పువ్వులు, వంట మనవాళ్ళు చెయ్యచ్చా? మేము ముందు చూసిన మండపంలో డెకరేషను వాళ్ళ మనిషే చెయ్యాలన్నారు. అద్దె తక్కువే గాని అతను చెప్పిన రేటు వింటే కళ్ళు తిరిగాయి. వదిలేశాం. మా పెళ్ళి వరలక్ష్మీ వ్రతం వెళ్ళిన మర్నాటి వారం. వ్రతానికి మండిపోయిన పువ్వుల ధర కాస్త దిగింది. మా తమ్ముడు తెల్లవారుజామునే కడియపులంక వెళ్ళి బంతి, చామంతి బుట్టలు తెచ్చాడు.

ఇక బంగారం. మంగళసూత్రాలు, గొలుసు, గాజుల కోసం మూడేళ్ళుగా వేరే చీటీ వేశాను. అందుకే అది పన్నెండు లక్షల్లో లేదు. 2024 జులై 23 బడ్జెట్‌లో దిగుమతి సుంకం 15 శాతం నించి 6కి తగ్గించడంతో ఆ వారం ధర దిగింది. ఇదేదో నా తెలివని కాదు, అదృష్టం. 2025లో పది గ్రాములు లక్ష దాటినప్పుడు ఒళ్ళు జలదరించింది. ధర మన చేతిలో లేదు గాని తరుగు, మజూరీ మాత్రం బేరమాడచ్చు. పదహారు శాతం తరుగన్న షాపు పదకొండుకి దిగింది. రాళ్ళ బరువు తీసేసి బంగారానికే ధర కట్టించండి. 22 క్యారెట్ల నగ మీద 916 ముద్రా, ఆరు అక్షరాల హాల్‌మార్కు నంబరూ ఉన్నాయో లేదో చూసి బిల్లు తీసుకోండి.

భోజనాల దగ్గర పేచీ

ఐటమ్స్ తగ్గించలేదు. పనసకాయ పొట్టు కూర, బూరెలు, పులిహోర అన్నీ పెట్టాం. అయిస్‌క్రీములు రెండు రకాలన్నది ఒకటి చేశాం, ఎవరూ అడగలేదు. పేచీ లెక్క దగ్గరొచ్చింది. కాంట్రాక్టరు "ఏడొందల తొంభై ప్లేట్లమ్మా" అన్నాడు. అయితే మా మేనల్లుడు మొదట్నించీ ప్లేట్ల బల్ల దగ్గరే కుర్చీ వేసుకు కూచున్నాడు. కట్ట విప్పినప్పుడల్లా రాసుకున్నాడు. వాడి లెక్క ఏడొందల పన్నెండు. పనివాళ్ళు తిన్నవీ ఉంటాయి కదా అని ఏడొందల ముప్ఫైకి తెగ్గొట్టాం. వాడు కూచోకపోతే ఇరవై రెండు వేలపైన ఊరికే పోయేవి.

ఇంత చేసినా పన్నెండు లక్షల్లో ఆగలేదు. రాయని ఖర్చులకని లక్ష పక్కన పెడితే లక్షా అరవై వేలయింది. ఆటోలు, విడిదిలో టీలు, అర్జంటు జాకెట్ల కుట్టుకూలి, సన్నాయి వాళ్ళకీ చాకలికీ మంగలికీ ఈనాములు, పదహారు రోజుల పండుగ. ఎక్కువైన అరవై వేలూ చదివింపుల్లోంచే సర్దాను. చదివింపులు మళ్ళీ తీర్చాల్సిన బాకీ అని అందరికీ చెప్పేదాన్ని నేనే! కాకపోతే స్థలం మిగిలింది. మా అబ్బాయి కాలేజీలో చేరాడు.

ఒక్కరి విషయంలో తప్పు చేశాను. మా పాత వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు. మా అమ్మాయికి ఆటలమ్మ పోసినప్పుడు రాత్రిళ్ళు నాతోపాటు మేలుకున్నారు. ఆవిడ పేరు చదివింపుల పుస్తకాల్లో ఎక్కడా లేదు. చదివించడానికి ఆవిడ దగ్గరేముంది పాపం? పుస్తకం చూసి పిలిచిన నేను ఆవిణ్ణి మర్చిపోయాను. పెళ్ళయిన నెలకి బజార్లో కనిపించి "అమ్మాయి పెళ్ళయిందటగా, బావున్నారా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మర్నాడు అమ్మాయినీ అల్లుణ్ణీ తీసుకుని, చీర, పూతరేకులు పట్టుకెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టించాను. ఆవిడ సంతోషంగానే తీసుకున్నారు గాని, ముహూర్తం వేళ అక్షింతలు వెయ్యాల్సిన మనిషి.

నోటు పుస్తకం ఇప్పుడు మా చెల్లెలు పట్టుకెళ్ళింది. వాళ్ళమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. మొదటి పేజీలో, మనుషుల లెక్కకన్నా పైన, ఆ పెద్దావిడ పేరు నేనే రాసి ఇచ్చాను.