పెట్టెలో పాము ఎందుకు బుసకొడుతుంది?

షుగరు మందుల కోసం నెలనెలా మన ఓ.పి.కి వచ్చే ఒక పెద్దావిడ ఈమధ్య కొత్త సందేహంతో వచ్చారు. "డాక్టరమ్మా, అమెరికాలో మా మనవడు పామును పెంచుతున్నాడటమ్మా. వాణ్ణి రెండుసార్లు కరిచిందట. వచ్చే నెల నన్ను రమ్మంటున్నారు. ఆ ఇంట్లో ఏడు నెలల పసిపిల్ల కూడా ఉంది. వెళ్ళమంటారా, మానమంటారా?" అని అడిగారు. పాముల గురించి మాకు తెలిసిందంతా కాటు పడ్డాక చేసే వైద్యమే. అందుకని ఆ అబ్బాయితో ఫోనులో మాట్లాడి, కొంత చదివి తెలుసుకున్నాకే ఆమెకు జవాబు చెప్పాను. పిల్లలు, మనవలు అమెరికాలో ఉన్న కుటుంబాలు మన సంఘంలో ఇంకా ఉన్నాయి కనుక ఆ సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ఆ పాము పేరు బాల్ పైథాన్. కొండచిలువ జాతిలో చిన్నది. దీని సొంత ఊరు ఆఫ్రికా ఖండంలోని ఘనా, టోగో, బెనిన్ దేశాల వైపు. విషం లేదు. పెరిగితే మూడు నుండి ఐదు అడుగులు ఉంటుంది. బాగా చూసుకుంటే 20 ఏళ్ళకు పైగా బ్రతుకుతుంది. భయపడితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. అందుకే ఆ పేరు వచ్చింది. ఇంత పిరికి పాము బుసకొట్టి మీద పడుతోందంటే దానికి చుట్టుకుని దాక్కునే వీలు కూడా దొరకడం లేదన్నమాట.

చిన్నప్పుడు మనమందరం పాములవాడి బూర ముందు నాగుపాము "ఆడటం" చూశాం. నిజానికి అది ఆట కాదు. ఎదురుగా ఊగుతున్న బూరను శత్రువు అనుకుని, పడగ విప్పి దానివైపే కన్నార్పకుండా (పాముకు కనురెప్పలే లేవు లెండి) చూస్తుంది. ఈ అబ్బాయి పాము కూడా అలాగే మెడను వెనక్కి లాగి వంకర తిప్పి పెడుతుంది. ఇంట్లో అందరూ దానికి కోపమనుకున్నారు. ఐదు వారాలుగా తిండి ముట్టలేదని చెప్పాక కోపం కాదని నాకు అర్థమైంది. ఎప్పుడూ పెట్టె గోడల వెంట తిరుగుతూ మూతి రాసుకోవడం, దుర్వాసన గల ద్రవం వదలడం కూడా భయానికి గుర్తులే.

ఇక ఆ పెట్టె ఎలా ఉందో వినండి. నాలుగు వైపులా అద్దం. హాలులో టీవీ పక్కన పెట్టారు. లోపల ఒక నీళ్ళ గిన్నె, ప్లాస్టిక్ చెట్టు, పైన ఒక వేడి బల్బు. దాక్కోవడానికి చోటు లేదు. బడి నుండి రాగానే అబ్బాయి దాన్ని బయటకు తీసి స్నేహితులకు చూపిస్తాడు. రోజూ పట్టుకుంటే మచ్చిక అవుతుందని ఎవరో చెప్పారట. కుక్కపిల్ల విషయంలో ఆ మాట కొంతవరకు నిజం. పాము సంగతి వేరు. దానికి ముందు ప్రాణభయం తీరాలి.

మొదట చేయవలసింది రెండు గూళ్ళు పెట్టడం. చుట్టుకుంటే ఒళ్ళు నాలుగు వైపులా గోడకు తగిలేంత ఇరుకైన గూడు కావాలి. విశాలంగా ఉంటే దానికి ధైర్యం చాలదు. ఒకటి వెచ్చని వైపు, ఒకటి చల్లని వైపు ఉండాలి. ఒక్కటే ఉంటే వెచ్చదనం కావాలో, దాక్కోవడం కావాలో పాము తేల్చుకోవలసి వస్తుంది. పెట్టెకు వెనక, పక్కల అట్టముక్కలు అతికించి మూసేయాలి. మనుషుల నడక, టీవీ చప్పుడు నేల గుండా ఒంటికి తెలుస్తాయి కనుక పెట్టెను హాలులోంచి తీసేయడం మంచిది.

రెండవది వేడి. మన ఒంట్లో వేడి మనమే పుట్టించుకుంటాం. పాము బయటినుండి తెచ్చుకోవాలి. అది లేకపోతే తిన్నది అరగదు, కక్కేస్తుంది. వెచ్చని వైపు సుమారు 88 నుండి 92 డిగ్రీల ఫారెన్‌హీట్ (31-33 సెల్సియస్), చల్లని వైపు 76 నుండి 80 (24-27 సెల్సియస్) ఉండాలి. బల్బుకు థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేక ఒళ్ళు కాలిన పాములు ఎన్నో. వేడి రాళ్ళు అని అంగళ్ళలో అమ్మేవి అసలు వద్దు. గాలిలో తేమ 60 శాతం దగ్గర ఉంటే కుబుసం చీలికలు కాకుండా ఒకే తొడుగులా ఊడుతుంది. అడుగున పరచడానికి మన కొబ్బరి పీచు పొట్టే అక్కడ సంచుల్లో అమ్ముతారు, తేమ బాగా నిలుపుతుంది. సీడార్ చెక్కపొట్టు మాత్రం పాముకు హాని.

ఇవన్నీ సర్దాక కనీసం రెండు వారాలు దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను. నీళ్ళు మార్చడం, శుభ్రం చేయడం వరకే. అది స్వయంగా తిన్నాకే చేతిలోకి తీసుకోవాలి, అదీ వారానికి ఒకటి రెండుసార్లు, కొద్ది నిమిషాలు. పైనుండి చేయి దించకూడదు. అడవిలో పైనుండి వచ్చేది గద్ద. పక్కనుండి చేయి పెట్టి, ముందు ఒక మెత్తని కర్రతో ఒంటిని తాకితే ఇది తిండి వేళ కాదని తెలుసుకుంటుంది. తిన్న తర్వాత రెండు రోజులు, కుబుసానికి ముందు కళ్ళు పాలరంగుకు తిరిగినప్పుడు దాని జోలికి పోవద్దు. అన్నీ సరిగా ఉండి కూడా నోరు తెరచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా, ఒంటిమీద నల్లని పురుగులు కదులుతున్నా పశువైద్యునికి చూపించాలి.

కరిస్తే సబ్బునీళ్ళతో కడిగి, టెటానస్ సూది సంగతి చూసుకుంటే చాలు. పట్టుకుని వదలకపోతే లాగకండి, పళ్ళు విరిగి చర్మంలో ఉండిపోతాయి. మూతి దగ్గర చన్నీళ్ళు పోస్తే వదులుతుంది.

వైద్యురాలిగా నాకు కరవడం కంటే ఎక్కువ ఆందోళన కలిగించింది ఆ ఇంటి వంటగది. పెట్టెను సింకులోనే కడుగుతున్నారు! పాము పేగులలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది. పాముకు జబ్బు చేయదు, మనుషులకు విరేచనాలు, జ్వరం వస్తాయి. పసిపిల్లల్లో రక్తంలోకి కూడా పోవచ్చు. చిన్న తాబేళ్ళ వల్ల పిల్లలకు ఈ జబ్బు వస్తోందనే 1975లో అమెరికాలో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని ఆపేశారు. ఐదేళ్ళ లోపు పిల్లలు, 65 దాటినవారు, షుగరు ఉన్నవారు పామునూ దాని పెట్టెనూ ముట్టుకోకూడదు. ముట్టుకున్నవారు వెంటనే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పాపను ఎత్తుకోవాలి. పాముకు పెట్టే ఎలుకలు గడ్డకట్టించినవైనా ఆ క్రిమి చావదు, కనుక వాటిని ఇంటి ఫ్రిజ్‌లో గాని, వంట గిన్నెల్లో గాని ఉంచరాదు.

ఇక్కడి పిల్లలకు ఒక్క మాట. మన దేశపు పాములను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా మన చేలల్లో కొండచిలువ పిల్ల అనుకుని పట్టుకునేది చాలాసార్లు రక్తపింజర అవుతుంది. దాని ఒంటిమీది మచ్చలు అలాగే ఉంటాయి.

పెద్దావిడ వెళ్ళారు. పాము ఇప్పుడు మేడమీది గదిలో ఉంది, తలుపుకు గొళ్ళెం. గూళ్ళు పెట్టిన పంతొమ్మిదో రోజున ఎలుకను తిన్నదట. పెట్టె శుభ్రం చేసేటప్పుడు ఇంకా ఒకసారి బుస్సుమంటుందని, మనవడు మాత్రం ఇప్పుడు చేతులు బాగా కడుక్కుంటున్నాడని ఫోనులో చెప్పారు.