రికార్డు మీద లేని పేర్లు!

పాట హిట్టయితే పాడినవాళ్ల పేరు ఇట్టే చెప్పేస్తాం. మరి వెనకాల గిటార్ మీటిందెవరు? డ్రమ్స్ వాయించిందెవరు? అబ్బే, ఎవరడిగారు కనుక!

అమెరికాలోనూ ఇదే కథ. 1959లో డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ పెట్టిన మోటౌన్ కంపెనీ నల్లవారి సోల్ సంగీతాన్ని ప్రపంచమంతా మోగించింది. మార్విన్ గే, స్టీవీ వండర్, డయానా రాస్... అంతా అక్కడ వెలిగినవాళ్లే. 1960లలో వాళ్ల హిట్ పాటలు చాలావాటికి వాయించింది మాత్రం ఒకే బృందం. అదే ఫంక్ బ్రదర్స్! ఓ మామూలు ఇంట్లో అమర్చిన స్టూడియో వాళ్లది. ఆ ఇరుకు గదికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరేమిటో తెలుసా? పాముల గుంట!

బేస్ గిటార్ జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడు వేలితోనే తీగలు మీటేవాడు. ఆ వేలికే కుర్రకారంతా చిందులేసింది. కానీ పేరేదీ? 1971లో మార్విన్ గే ఆల్బం అట్ట మీదకి ఎక్కేదాకా మోటౌన్‌లో వాళ్ల పేర్లు వేసిన పాపాన పోలేదు. 1972లో కంపెనీ లాస్ ఏంజిలిస్‌కి తరలిపోయింది. బృందం చెల్లాచెదురైంది.

1983లో మోటౌన్ పాతికేళ్ల పండగ ఘనంగా జరిగింది. జేమర్సన్ బ్లాకులో టిక్కెట్టు కొనుక్కుని, జనంలో కూర్చుని చూశాడు! ఆ ఆగస్టులోనే 47 ఏళ్లకు కన్నుమూశాడు.

అతని మీద అలన్ స్లట్‌స్కీ 1989లో పుస్తకం రాశాడు. దాన్ని సినిమా తీద్దామంటే డబ్బు పెట్టేవాళ్లు దొరక్క ఏళ్లు గడిచాయి. చివరికి 2000 డిసెంబరులో మిగిలినవాళ్లు డెట్రాయిట్‌లో కలిశారు. జో హంటర్, ఎడ్డీ విల్లిస్, జాక్ ఆష్‌ఫర్డ్, జో మెస్సీనా... అందరూ తలలు నెరిసినవాళ్లే. చాకా ఖాన్, జోన్ ఆస్‌బర్న్ లాంటి తర్వాతి తరం వాళ్లు పాడుతుంటే ఆ పాటల్నే మళ్లీ కొత్తగా వాయించి రికార్డు చేశారు. ఈసారి కెమెరా వాళ్ల కోసమే వచ్చింది!

పాల్ జస్ట్‌మన్ తీసిన 'స్టాండింగ్ ఇన్ ది షాడోస్ ఆఫ్ మోటౌన్' 2002 నవంబరులో విడుదలైంది. డ్రమ్మర్ రిచర్డ్ అలెన్ అప్పటికే లేడు. పియానో వాయించిన జానీ గ్రిఫిత్ కూడా ఆ నెలలోనే పోయాడు. 2003లో ఆ సినిమా పాటలకు రెండు గ్రామీలొచ్చాయి. 2004లో బృందానికి జీవిత సాఫల్య గ్రామీ ఇచ్చారు. అందుకోవాల్సినవాళ్లలో సగంమంది ఫోటోల్లో వున్నారు.

ఇంకో నాలుగేళ్లు ఆలస్యమైతే ఆ వాయింపు మనకు దక్కేది కాదు. అందుకే ఈసారి పాట వినేటప్పుడు గాయకుడి గొంతుని కాసేపు పక్కన పెట్టండి. దాని అడుగున నడుస్తున్న బేస్ వినండి. ఎవరు వాయించారో అడగండి... వాళ్లుండగానే!