పథకం గేదెకు, ఆవుకు ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు: ఏది కొనాలి, ఎంత పెట్టాలి

పథకం కింద పాడి పశువు తీసుకున్న అక్కలకు, అన్నలకు,

పశువు ఇంటికొచ్చింది, రెండు పూటలా పాలు పోస్తున్నారు, నెలనెలా వాయిదా కడుతున్నారు. ఇంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు ఈనిన నాలుగైదు నెలల తర్వాత మొదలవుతుంది. గేదె ఎదకు రాదు. వచ్చినా సూది వేయించిన ప్రతిసారీ తిరగపొర్లుతుంది. పాలు తగ్గుతూ వచ్చి వట్టిపోయే నాటికి కడుపులో దూడ ఉండదు. అప్పుడు మేత ఖర్చు అలాగే ఉంటుంది, వాయిదా అలాగే ఉంటుంది, పాల డబ్బు మాత్రం రాదు. పథకం పశువును అమ్ముకునే పరిస్థితి చాలా ఇళ్లలో ఇలాగే మొదలవుతుంది.

దీనికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో తక్కువ ఖర్చుతో మీ చేతిలోనే సరిచేసుకోగలిగింది ఖనిజాల లోపం. అందుకే ఈ నాలుగు మాటలు.

మన మేతలో లోటు ఎక్కడుంది?

మన దగ్గర పశువు కడుపు నిండేది ఎక్కువగా వరిగడ్డితో. వరిగడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ తక్కువే. పైగా అందులో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం ఉన్న కొద్దిపాటి కాల్షియాన్ని కూడా పట్టేసి ఒంటికి అందనివ్వదు. తవుడు, చెక్క పెడితే ఫాస్ఫరస్ వస్తుంది గానీ కాల్షియం రాదు. జింకు, రాగి, అయోడిన్, కోబాల్ట్, మాంగనీస్ లాంటివి రోజుకు చిటికెడు కూడా అక్కర్లేదు, కానీ అవి లేకపోతే పశువు ఎదకు రావడం, చూలు నిలవడం కష్టం.

లోటు ఉంటే పశువే చెబుతుంది. గోడ నాకడం, మట్టి తినడం, ఎముకలు, చెప్పులు, ప్లాస్టిక్ కవర్లు నమలడం ఫాస్ఫరస్ లోపానికి గుర్తు. నల్ల గేదె వెంట్రుకలు ఎర్రబారి గరుకుగా మారితే రాగి తక్కువైందేమో అనుకోవాలి. అయితే నట్టలు ఉన్నా పశువు ఇలాగే కనిపిస్తుంది. అందుకే ముందు నట్టల మందు తాగించి, ఆ తర్వాత మిశ్రమం మొదలుపెట్టండి. నట్టలున్న కడుపులో ఎంత పోసినా వృథాయే.

పేరు చూసి మోసపోకండి

ఖనిజ లవణ మిశ్రమం అనే పేరులో లవణం అని ఉంది కాబట్టి చాలామంది ఇది ఉప్పే అనుకుంటారు. కాదు. ఉప్పు వేరు, మిశ్రమం వేరు. పశువుకు రెండూ కావాలి. గాడి దగ్గర వేలాడదీసే ఇటుకల్లో చాలావరకు ఉండేది ఉప్పే. పశువు నాకుతోంది కదా, ఖనిజాలు అందుతున్నాయి కదా అనుకుంటే పొరపాటు. ఇటుక ఉంటే మంచిదే, కానీ పాలిచ్చే గేదెకు అదొక్కటే చాలదు.

మెడికల్ షాపులో దొరికే కాల్షియం సీసాలు ఇంకో రకం. వాటిలో ముఖ్యంగా ఉండేది కాల్షియం, దానికి తోడు కొంత ఫాస్ఫరస్, ఒకటి రెండు విటమిన్లు. జింకు, రాగి, కోబాల్ట్ కోసం వాటిని నమ్ముకోలేం. సీసాకు పెట్టే డబ్బు పెట్టి పొడి కొంటే ఎక్కువ రోజులు వస్తుంది, అన్నీ అందుతాయి.

సంచి మీద ఏం చదవాలి?

పొడి రంగు, వాసన చూసి నాణ్యత తెలియదు. సంచి వెనక్కి తిప్పి చదవాల్సిందే. చదువు రాకపోతే ఇంట్లో పిల్లల చేత చదివించండి.

అన్నిటికంటే ముందు ఫాస్ఫరస్ శాతం చూడండి. మిశ్రమంలో ఖరీదైనది అదే కాబట్టి నాసిరకం సరుకులో ముందు తగ్గేదీ అదే. దాని స్థానంలో సున్నపురాయి పొడి నింపుతారు. ఉప్పు కలపని మంచి మిశ్రమంలో కాల్షియం సుమారు 20 శాతం, ఫాస్ఫరస్ సుమారు 12 శాతం ఉంటుంది. కాల్షియం 30 దాటి, ఫాస్ఫరస్ మూడో నాలుగో ఉంటే మీరు కొంటున్నది చాలావరకు సున్నమే.

తర్వాత ఐఎస్ 1664 అనే అంకె ఉందో లేదో చూడండి. పశువుల ఖనిజ మిశ్రమానికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ప్రమాణం అది. అందులో రెండు రకాలున్నాయి, ఉప్పు కలిపినది ఒకటి, కలపనిది ఒకటి. ఉప్పు కలిపిన దాంట్లో దాదాపు ఐదో వంతు ఉప్పే. ఉప్పును మిశ్రమం ధరకు కొనడం ఎందుకు? ఉప్పు కలపనిది తీసుకుని, ఉప్పు కిరాణా కొట్లో విడిగా కొనుక్కోండి. మా సలహా ఇదే.

జింకు, రాగి, మాంగనీస్, కోబాల్ట్, అయోడిన్ ఒక్కొక్కటి ఎంత ఉందో అంకెలతో రాసి ఉండాలి. ఉన్నాయని మాత్రమే రాసి ఎంతో రాయని సంచి వద్దు. తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు లేని విడి పొడి ఎంత చవకగా వచ్చినా కొనకండి.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్ల వాళ్లకు ఒక మాట. మనుషుల్లాగే పశువుల ఎముకలు, పళ్లు కూడా ఫ్లోరైడ్‌తో పాడవుతాయి. శుద్ధి చేయని రాతి ఫాస్ఫేట్‌తో చేసిన చవక మిశ్రమంలోనూ ఫ్లోరిన్ ఉంటుంది. నీళ్లలో ఒకసారి, పొడిలో ఒకసారి వెళ్తుందన్నమాట. డైకాల్షియం ఫాస్ఫేట్‌తో చేసినది, ఫ్లోరిన్ పరిమితి సంచి మీద రాసినది తీసుకోండి.

చీలేటెడ్ అని రాసి ఎక్కువ ధరకు అమ్మేవి కూడా ఉన్నాయి. అవి ఒంటికి బాగా పడతాయన్నది నిజమే. పదే పదే తిరగపొర్లే పశువుకు డాక్టరు రాస్తే వాడండి, అన్నిటికీ అక్కర్లేదు.

రోజుకు ఎంత?

దూడకు 20 నుంచి 25 గ్రాములు. పడ్డకు, పెయ్యకు, వట్టిపోయిన పశువుకు 50 గ్రాములు. పాలిచ్చే దానికి 100 గ్రాములు, బాగా ఎక్కువ పాలిచ్చే దానికి 150 నుంచి 200 వరకు. ఉప్పు పెద్ద పశువుకు 30 నుంచి 50 గ్రాములు. గుప్పెడు లెక్క వద్దు, ఒకరి గుప్పెడు ఇంకొకరి గుప్పెడు ఒకటి కాదు. కిరాణా కొట్టు త్రాసు మీద 50 గ్రాములు తూయించి, ఒక పాత గ్లాసులో పోసి, అక్కడ గీత గీసుకోండి. రోజూ ఆ గీత వరకే.

ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు, కాస్త జాగ్రత్తగా చదవండి. మీరు కంపెనీ దాణా పెడుతుంటే అందులో సాధారణంగా మిశ్రమం 2 శాతం, ఉప్పు 1 శాతం కలిపే ఉంటాయి. రోజుకు 4 కిలోల దాణా తినే గేదెకు అందులోనే 80 గ్రాముల మిశ్రమం, 40 గ్రాముల ఉప్పు వెళ్తున్నాయి. పైన 20 గ్రాములు వేస్తే లెక్క సరిపోయింది. దాణా సంచి మీద ఈ శాతాలు ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంట్లోనే తవుడు, చెక్క, నూకలు కలిపి పెడుతుంటే మాత్రం అందులో ఏమీ లేనట్టే, మొత్తం 100 గ్రాములూ మీరే వేయాలి. కిలో 150 రూపాయలు అనుకుంటే 100 గ్రాములకు రోజుకు 15 రూపాయలు. మీ ఊళ్లో ధరతో ఇలాగే లెక్క కట్టుకోండి.

పొడిని తడి దాణాలో కలిపి పెట్టండి. నీళ్లలో, కుడితిలో పోస్తే అడుగుకు దిగిపోతుంది. ఉప్పు మాత్రం కుడితిలో వేయొచ్చు. ఇంటి కుడితిలో అప్పటికే ఉప్పు పడుతుంటే ఆ మేరకు తగ్గించండి. ఉప్పు తిన్న పశువు ముందు నీళ్లు ఎప్పుడూ ఉండాలి. చాలా రోజులు ఉప్పు ఎరగని పశువుకు ఒకేసారి ఎక్కువ పెడితే ప్రమాదం, వారం రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచండి. కొట్టంలో ఉప్పు డబ్బా పక్కన యూరియా సంచి పెట్టకండి. రెండూ తెల్లగానే ఉంటాయి. చీకట్లో పొరపాటున గుప్పెడు యూరియా పడితే పశువు గంటల్లో చనిపోవచ్చు.

చూడి పశువు విషయంలో

ఈనబోయే ముందు రెండు మూడు వారాలు కాల్షియం సీసాలు పట్టించకండి. బలం వస్తుందని చేసే ఈ పని వల్లే కొన్ని పశువులకు ఈనగానే పాల జ్వరం వస్తుంది. బయటి నుంచి కాల్షియం దండిగా వస్తుంటే ఎముకల్లో దాచుకున్నది తీసే పనిని ఒళ్లు మానుకుంటుంది. ఈనగానే పాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోయేసరికి పశువు కూలబడుతుంది. ఆ వారాల్లో మిశ్రమం 50 గ్రాములు దాటించకండి. ఈనిన తర్వాత పూర్తి మోతాదుకు రండి.

ఈనిన పశువు లేవలేక, ఒళ్లు చల్లబడి, మెడ పక్కకు తిప్పి పడుకుంటే నోట్లో ఏమీ పోయొద్దు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఈనిన కొన్ని వారాలకు మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో వచ్చినా అంతే. గేదెల్లో ఇది ఫాస్ఫరస్ లోపం వల్ల వస్తుంది, పిడుదు జ్వరం వల్ల కూడా వస్తుంది. ఏదో తేల్చాల్సింది డాక్టరే.

గొర్రెల యూనిట్ కూడా ఉంటే

గేదె మిశ్రమాన్ని గొర్రెలకు పెట్టకండి. అందులో రాగి గొర్రెకు ఎక్కువవుతుంది. అది కాలేయంలో నెలల తరబడి పేరుకుని, ఒకరోజు హఠాత్తుగా ప్రాణం తీస్తుంది. గొర్రెలకని రాసిన మిశ్రమమే వాడండి.

ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?

మట్టి నాకడం కొన్ని వారాల్లో తగ్గొచ్చు. ఎదకు రావడానికి, చూలు నిలవడానికి రెండు మూడు నెలలు ఆగాలి. పది రోజులు వేసి పని చేయలేదని మానేస్తే ఆ డబ్బు కూడా దండగే. మూడు నెలలు సరిగ్గా పెట్టినా తిరగపొర్లుతుంటే గర్భసంచిలో చీము, వాపు లాంటివి ఉండొచ్చు, అవి మిశ్రమంతో పోవు, పరీక్ష చేయించండి.

సబ్సిడీ మీద సరుకు వచ్చినప్పుడు ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుల దగ్గర, తెలంగాణలో మీ మండల పశువైద్యశాలలో అడిగి పేరు రాయించుకోండి. మీ జిల్లా నేలకు, మేతకు తగ్గట్టు తయారైన ప్రాంతీయ మిశ్రమం దొరికితే ముందు దాన్నే తీసుకోండి. బయట కొంటే బిల్లు తీసుకోండి. సంచి వెనక వైపు ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకుంటే, తర్వాత డాక్టరు ఏం పెడుతున్నావమ్మా అని అడిగినప్పుడు చూపించడానికి ఉంటుంది.