పట్టేసిన హ్యాండ్ బ్రేకు

మన కాలేజీ సంచికలో కథలు, కవితలు రాసేవారికి కొదవ లేదు. నాకా విద్య రాదు. కనుక నాకు తెలిసిన ఒక చిన్న విషయాన్ని, అదీ ప్రమాదం అంచుదాకా వెళ్ళి నేర్చుకున్న విషయాన్ని, మీ ముందు పెడుతున్నాను. ఇంట్లో పాత కారున్న వారికి ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

మాది ఎలమంచిలి. మా ఇంట్లో ఒక పాత మారుతి 800 ఉంది. 1983 డిసెంబరులో మొదటిసారి రోడ్డెక్కి, 2014లో తయారీ ఆగిపోయిన ఈ కారు మా వైపు ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటుంది. ఒక కార్తీకమాసంలో వానలు పట్టుకుని, మూడు వారాలపాటు మా బండి పెరట్లో పాక కింద కదలకుండా ఉండిపోయింది. జారిపోకుండా ఉంటుందని నాన్నగారు హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి ఉంచారు. వానలు తగ్గాక, నాయనమ్మకు కంటి ఆపరేషను చేయించడానికి విశాఖపట్నం బయలుదేరాం.

బ్రేకు దించినా బండి కదలనని మొరాయించింది. ఇంజను రేజ్ చేస్తే వెనక ‘టక్కు’మని చప్పుడై కదిలింది. నాన్నగారు పట్టించుకోలేదు. కశింకోట దాటేసరికి కాలిన వాసన. “ఏదో లారీది లేరా” అన్నారు. అనకాపల్లి ఇంకా రాకముందే గేదె ఒకటి అడ్డం వచ్చింది. నాన్నగారు కాలి బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా లోపలికి దిగిపోయింది! టకటకా రెండు మూడుసార్లు తొక్కి, గేరు తగ్గిస్తే, గేదెకు మూరెడు దూరంలో బండి ఆగింది. దిగి చూస్తే వెనక ఎడమ చక్రం దగ్గర పొయ్యి సెగలాంటి వేడి. పక్కనున్న టీకొట్టు కుర్రాడు బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు. అక్కడే ఉన్న లారీ డ్రైవరు “నీళ్ళు పొయ్యకండి బాబూ, డ్రమ్ము పగిలిపోద్ది. దానంతటదే సల్లారాల” అని ఆపేశాడు. అతని మాటలో నిజముంది. ఎర్రగా కాగిన పోత ఇనుము ఒక్కసారిగా చల్లబడితే బీటలిస్తుంది. నాయనమ్మను అమ్మతో కలిపి ఆటో ఎక్కించి, మేము బండి దగ్గర కూర్చున్నాం.

పట్టింది హ్యాండ్ బ్రేకు అయితే కాలి బ్రేకు ఎందుకు పోయినట్టు? బ్రేకు చేసే పని బండి వేగాన్ని వేడిగా మార్చడం. పట్టేసిన బ్రేకు దారి పొడుగునా ఆ పనే చేస్తూ ఉంటుంది. ఆ వేడి చక్రం దగ్గరున్న బ్రేకు ఆయిలుకు ఎక్కుతుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదని ప్రమాణం. కాని ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కిన ఆయిలుకు ఆ ప్రమాణం 140 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే అణగదు, ఆవిరి అణిగిపోతుంది. అందుకే పెడలు దిగిపోయింది. కనుక హ్యాండ్ బ్రేకు పడితే పోయేది పెట్రోలు ఒక్కటే అనుకోకండి.

మర్నాడు మా ఊరి మెకానిక్కు ఒకాయన వచ్చి చూశారు. ఆయన ముందే ఏదీ విప్పలేదు. “దొంగ ఎవడో తేల్చుకోకుండా అందర్నీ కొడితే ఏటి లాభం?” అన్నారు. ఆయన తేల్చిన పద్ధతి ఇది.

హ్యాండ్ బ్రేకు లివరు లాగితే ఇనుప వైరు వెనక చక్రాల దాకా లాగబడుతుంది. డ్రమ్ము లోపల ఒక చిన్న లివరు కదిలి, రెండు షూలను డ్రమ్ముకు అదిమి పెడుతుంది. వదిలేస్తే స్ప్రింగులు షూలను వెనక్కి లాగాలి. ఈ వరసలో ఎక్కడ చిక్కుపడినా బ్రేకు పట్టేస్తుంది.

మొదటిది, ఏ చక్రం? సమంగా ఉన్న నేల మీద బండి నిలిపి, ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, వెనక భాగం జాకీతో లేపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకు దూరకూడదు, గట్టి స్టాండు పెట్టాలి. మారుతికి ఇంజను బలం ముందు చక్రాలకే కనుక గేరులో ఉంచినా వెనక చక్రాలు తిరుగుతాయి. అంబాసిడరుకైతే న్యూట్రల్లో ఉంచాలి. మా బండికి రెండు చక్రాలూ బిగువే. ఎడమది అసలు తిరగలేదు.

రెండవది, లివరు దగ్గర వైరు బిగించే నట్టు వదులు చేయడం. కుడి చక్రం హాయిగా తిరిగింది. అంటే దానికి రోగం లేదు, వైరు అతిగా బిగించారంతే. అంతకు కొన్నాళ్ళ ముందు లివరు మరీ పైకి వస్తోందని ఒక షెడ్డులో ఆ నట్టు బిగించారు. ముందు డ్రమ్ములో షూలు సర్దాలి, ఆ తర్వాతే వైరు ముట్టుకోవాలి. ఎడమ చక్రం మాత్రం అలాగే ఉంది.

మూడవది, ఆ చక్రం దగ్గర ఆయిలు నిపిల్ కొంచెం వదులు చేయడం. చక్రం వదిలితే ఆయిలు ఒత్తిడి వెనక్కి పోవడం లేదని, అనగా లోపల మూసుకుపోయిన హోసుపైపుదో, మాస్టర్ సిలిండరుదో తప్పని అర్థం. మాకు వదల్లేదు. ఈ పరీక్ష చేశాక గాలి తీయడం తప్పనిసరి. కనుక తెలిసినవారే చేయాలి.

నాల్గవది, డ్రమ్ము ఊడదీయడం. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. వైరు కొనను కొక్కెం నుంచి తప్పించగానే షూలు ‘టప్పు’మని వెనక్కి వచ్చాయి. అంటే స్ప్రింగులు బాగున్నాయి, దొంగ వైరే! రాకపోతే స్ప్రింగునో, చక్రం సిలిండరునో అనుమానించాలి.

వైరు పైతొడుగు ఒకచోట చిట్లి, నీరు దిగి, లోపల తుప్పు పట్టింది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే వైరు గొట్టంలో బిగుసుకుంది. మాకు సముద్రం దూరం కాదు, ఉప్పుగాలికి తుప్పు మరీ తొందర. ఆరోజు వినబడిన ‘టక్కు’ షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుని ఊడిన చప్పుడన్నమాట. నూనె పోస్తే పోదా అని నాన్నగారు అడిగారు. “నాల్రోజులు నడుస్తాది, మళ్ళీ మొదలే” అన్నారాయన. రెండు వైర్లు, వెనక షూలు, బ్రేకు ఆయిలు మార్చాం.

ఇప్పుడు వానాకాలంలో బండి ఎక్కువ రోజులు ఆపితే మొదటి గేరులో ఉంచి, చక్రాలకు రాళ్ళు పెడుతున్నాం. హ్యాండ్ బ్రేకు లాగం. పల్లంలో ఆపినప్పుడు మాత్రం లాగక తప్పదు. ప్రయాణంలో ఎక్కడైనా ఆగితే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తగలకుండా సెగ చూస్తాను. ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే అక్కడే ఆగుతాం.

నాయనమ్మ ఆపరేషను బాగానే జరిగింది. ఇప్పుడు కారెక్కగానే ఆవిడ మొదటి మాట: “ఒరే, బ్రేకు దింపేవా? బండి తేలిగ్గా నడుస్తోందా?” మిత్రులారా, ఆ రెండో ప్రశ్న మేము ఆ రోజు వేసుకోలేదు. మీరు వేసుకోండి.