మూఢంలో శుక్రుడు ఎక్కడికీ పోడు

మూఢం వచ్చిన ప్రతిసారీ ఒక మాట ఫోన్లలో చక్కర్లు కొడుతుంది: శుక్రుడు శక్తి కోల్పోయాడు, ఈ రోజుల్లో తవ్విన బావిలో నీరు నిలవదు, వేసిన బోరు ఎండిపోతుంది. పెళ్లి, గృహప్రవేశం వాయిదా వేసుకోవడం ఆ ఇంటివాళ్ల ఇష్టం. బోరు సంగతి అలా కాదు. మొన్నటి శుక్ర మూఢం 2025 నవంబరు ఆఖర్లో మొదలై 2026 ఫిబ్రవరి మధ్య దాకా నడిచింది. వినుకొండ నుంచి త్రిపురాంతకం దాకా మెట్ట పొలాల్లో మిరప పూత మీద, కాయ మీద ఉండే కాలం అదే. ఉన్న బోరు వట్టిపోయిన రైతు కొత్తది వేయడానికి రెండున్నర నెలలు ఆగితే ఏమవుతుంది? మధ్యాహ్నానికి ఆకు వాడిపోతుంది, చల్లబడ్డాక తేరుకుంటుంది. నాలుగు రోజులు పోయాక సాయంత్రమైనా తేరుకోదు. పూత రాలుతుంది, పిందె ముడుచుకుంటుంది. ఎకరానికి లక్షకు పైగా పెట్టిన పెట్టుబడి ఒక పుకారును నమ్మి పోతుంది.

బోరులో నీరు పడటం రాతి పొరల్లో పగుళ్లను బట్టి, ఆ ఏడు కురిసిన వానను బట్టి ఉంటుంది. ఆకాశంలో ఏ గ్రహం ఎక్కడుందో ఆ రాతికి పట్టదు.

అసలు శుక్ర మూఢమంటే శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా కనిపించే దిక్కులో ఉండటం. సూర్యుడితో పాటే పొడుస్తాడు, సూర్యుడితో పాటే కుంకుతాడు, ఆ వెలుగులో మన కంటికి ఆనడు. పది డిగ్రీల లోపుకు వస్తే అస్తమించినట్టు, వక్రగతిలో ఉంటే ఎనిమిది డిగ్రీలు అని సూర్యసిద్ధాంతం హద్దు కూడా పెట్టింది. అది కంటికి కనపడటం, కనపడకపోవడం గురించిన లెక్క. ఎదురొచ్చే లారీ హెడ్‌లైటు పక్కన చుట్ట నిప్పు కనపడదు, అంతమాత్రాన నిప్పు ఆరినట్టు కాదు. 2026 జనవరి 6న శుక్రుడు సూర్యుడికి అవతల, మనకు దాదాపు 25 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మనవైపున్న ముఖం ఇంచుమించు నిండుగా ఎండలోనే ఉంది. శక్తి పోయిందంటున్న రోజు పరిస్థితి ఇది.

శుక్ర మూఢాలు రెండు రకాలని కూడా ఈ ప్రచారం చేసేవాళ్లు చెప్పరు. శుక్రుడు సూర్యుడికి అవతల ఉంటే, మనకు ఇద్దరూ ఒకే దిశలో కదులుతున్నట్టు కనిపిస్తారు. రోజుకు పావు డిగ్రీ చొప్పున విడివడాలి కాబట్టి నెలల తరబడి పడుతుంది. మనకూ సూర్యుడికీ నడుమ నుంచి దాటేటప్పుడు ఎదురు దిశలో పోతున్నట్టు కనిపించి వారం పది రోజుల్లో బయటపడతాడు. రెండింటిలోనూ సూర్యుడికి అంతే దగ్గర. శక్తి పోవడమే నిజమైతే ఒకసారి వారంలో, మరోసారి రెండున్నర నెలలకు ఎలా తిరిగొస్తుంది?

గట్టి సాక్ష్యం మన విశాఖపట్నంలోనే ఉంది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సరిగ్గా సూర్యబింబం మీదుగా దాటాడు. అంతకన్నా లోతైన మూఢం ఉండదు. అంకితం వెంకట నరసింగరావు డాబాగార్డెన్స్‌లోని తన వేధశాల నుంచి ఆ దాటడాన్ని గమనించాడు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి దాని గురించి ముందే చిన్న పుస్తకం రాసి, జనానికి అర్థమయ్యేలా పలు భాషల్లో వేయించాడు. ఆయన స్వయంగా దృగ్గణిత పంచాంగం చేసిన మనిషి. 2012 జూన్ 6 ఉదయం మళ్లీ అదే జరిగింది. సౌర కళ్లద్దాలు పెట్టుకుని చూసినవాళ్లకు సూర్యుడి మీద గుండ్రటి నల్ల చుక్క కనిపించింది. మూఢంలో ఉన్న శుక్రుడు అదే.

శుక్రుడి మీద మిగతా అపోహల సంగతి తొందరగా చెప్పేస్తాను. పడమట కదలకుండా వెలిగేది డ్రోన్ కాదు, శుక్రుడు. అర్ధరాత్రి నడినెత్తిన చూశామంటే అది శుక్రుడు కాదు, మన ఊళ్ల నుంచి ఎప్పుడూ అలా కనిపించడు, సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరం పోడు. శుక్రుడు ఎదురుగా ఉన్నాడని గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఆపడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. నొప్పులు మొదలైతే దిక్కు చూడొద్దు, 108కి ఫోన్ చేయండి.

పంచాంగం చెప్పే తేదీలు మాత్రం తప్పు కావు, ఇది ఒప్పుకోవాల్సిందే. మూఢం మొదలు, విడుపు నాలుగు రోజులు అటూ ఇటూగా నిజంగానే ఆకాశంలో చూసుకోవచ్చు. మన దగ్గర చలికాలపు పొగమంచుకు పత్తికట్టె తగలబెట్టిన పొగ తోడైతే ఇంకొన్ని రోజులు ఆలస్యంగా కనిపిస్తాడు. వేగుచుక్కను చూసి లేచి పొలం వెళ్లిన పెద్దల లెక్కా సరైనదే, కాకపోతే ఏటా అన్ని నెలలూ పనికిరాదు. 584 రోజుల చక్రంలో దాదాపు తొమ్మిది నెలలు తెల్లవారుజామున, మరో తొమ్మిది నెలలు సాయంత్రం కనిపిస్తాడు.

మూఢం విడిచిందో లేదో చూడాలనుకునేవాళ్లు ఒక్కటి పాటించండి. సాయంత్రమైతే సూర్యుడు పూర్తిగా కుంకాకే పడమర చూడాలి, తెల్లవారుజామునైతే సూర్యుడు పొడవకముందే చూపు తిప్పుకోవాలి. సూర్యుడు ఆకాశంలో ఉండగా ఆ పక్కన బైనాక్యులర్‌తో వెతికితే క్షణంలో చూపు పోతుంది. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టిన గాజు కాపాడవు. పిల్లల చేతికి బైనాక్యులర్ ఇస్తే పక్కనే పెద్దవాళ్లు ఉండాలి. 2026 అక్టోబరు 24న శుక్రుడు మనకూ సూర్యుడికీ నడుమ నుంచి దాటుతాడు. అది పొట్టి మూఢం. నవంబరు మొదటివారం దాటాక, పత్తి తీతకు కూలీలు బయల్దేరే ముందు, తూర్పున కిందికి చూస్తే చాలు. బోరు వేయాల్సి ఉంటే అప్పటిదాకా కూడా ఆగొద్దు. భూగర్భజలాలు తెలిసినవాళ్లను పిలిపించి చోటు చూపించుకోండి.